ఆగి ఉన్న కారు ఎందుకు వణుకుతుంది?

మూలకుళం రద్దీలో ఆగిన పాత మారుతి 800 గడగడా వణుకుతోందా? కారణం లెక్కలో దొరుకుతుంది. దాని ఇంజిన్‌కు 3 సిలిండర్లు. ఐడ్లింగ్‌లో నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ప్రతి సిలిండర్‌లోనూ రెండు చుట్లకోసారి ఇంధనం మండుతుంది. అంటే సెకనుకు 7.5 సార్లు, మూడూ కలిపి 22.5. ఒకటి మండకపోతే సెకనుకు 7.5 సార్లు తోపు తప్పుతుంది. ఆ కుదుపే స్టీరింగ్‌లో తెలుస్తుంది.

కార్బురేటర్ కార్లలో మెకానిక్ ఇన్సులేషన్ ఉన్న పట్టుకారుతో ప్లగ్ వైర్లను ఒక్కొక్కటిగా తీసి చూస్తాడు. ఏది తీసినప్పుడు ఇంజిన్ తీరు మారదో, లోపం ఆ సిలిండర్‌దే.

పైనుంచి సన్నని టకటక వినిపిస్తే తరచూ వాల్వ్ సందు సరిచేస్తే సరిపోతుంది. కిందినుంచి బరువైన శబ్దం వస్తూ ఆయిల్ దీపం వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపండి. బేరింగుల్లో నూనె పొర చెదిరితే లోహాన్ని లోహమే తినేస్తుంది.