కాగితానికీ అంచు

చీరకు అంచు ఉంటుంది. కాగితానికీ అంచు వేయవచ్చు. కంప్యూటర్‌లో అది తేలిక పని.

పొదుపు సంఘం నోటీసు టైపు చేశాం అనుకోండి. అందులో పది వరుసలు ఉన్నాయి. కిస్తు కట్టే తేదీ మధ్యలో ఎక్కడో ఉంది. కొత్తగా చదువు నేర్చిన వాళ్లకు అది వెంటనే కనబడదు. తేదీ దాటితే నష్టం ఎవరికి? మనకే. ఆ వరుస చుట్టూ గీత ఉంటే కన్ను నేరుగా అక్కడికే పోతుంది.

వర్డ్‌లో గీత ఇలా వేయాలి:

1. తేదీ ఉన్న వరుస మీద మౌస్ నొక్కి పట్టి లాగండి. వరుస వెనక రంగు మారుతుంది.
2. పైన ‘హోమ్’లో నాలుగు గడుల బొమ్మ ఉంటుంది. దాని పక్కన బాణం గుర్తు నొక్కండి.
3. అన్నిటికన్నా కింద ‘బోర్డర్స్ అండ్ షేడింగ్’ ఉంటుంది. అది నొక్కండి.
4. ‘బాక్స్’ నొక్కండి. ఇది నాలుగు వైపులా గీత కోసం.
5. ‘షేడింగ్’ నొక్కండి. లేత రంగు ఎంచుకోండి. ‘ఓకే’ నొక్కండి.

జాగ్రత్త! ముదురు రంగు వద్దు. జిరాక్సు తీస్తే నల్లగా వస్తుంది. అక్షరాలు కనబడవు. అన్ని వరుసలకూ గీతలు వేయవద్దు. అప్పుడు ముఖ్యమైనది ఏదో తెలియదు.

టైపు వేరేవాళ్లు చేస్తున్నారా? "తేదీ చుట్టూ గీత కొట్టు బాబూ, లేత రంగు వెయ్యి" అని చెప్పండి. అడగడానికి మొహమాటం ఎందుకు? కాగితం మనది. కట్టే డబ్బూ మనదే.

ఆలోచించండి – రాయండి:
మీ సంఘం నోటీసులో దేని చుట్టూ గీత ఉండాలి? ఎందుకు?