చలనచిత్రోత్సవములో ఏ చిత్రమును చూడవలెను?

విద్యార్థులారా, సినిమా చూడవచ్చునా, కూడదా యను వాదము మన మిషను ఇండ్లలో చిరకాలముగ నున్నదే. దానిని మేమిచ్చట తెంపబూనుకొనము. పెద్దల యనుమతితో చలనచిత్రోత్సవమునకు బోయినవాడు అచ్చటి చిత్రములలో వేనిని చూడవలెను, వేనిని విడువవలెను అనునదే నేటి పాఠము. ఇది చిన్న ప్రశ్నవలె దోచును గాని కాదు. ఉత్సవమున ఒక చిత్రమును చూచుటయనగా అదే వేళ తక్కిన శాలలలో నాడుచున్నవానిని పోగొట్టుకొనుటయే. వానిలో కొన్ని మరల మన కంటబడవు.

మొదట లెక్క చూతము. మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవము 1952 జనవరి 24వ తేదీన బొంబాయిలో నారంభమై ఫిబ్రవరి 1వ తేదీవరకు జరిగెను. పిమ్మట దానిని మద్రాసు, ఢిల్లీ, కలకత్తా నగరములకు గొనిపోయిరి. 23 దేశములు పాల్గొనెను. పెద్ద చిత్రములు సుమారు 40, పొట్టి చిత్రములు సుమారు 100 వచ్చెను. బొంబాయిలో దినములు తొమ్మిది. దినమునకు నాలుగు చొప్పున చూచినను 36 మాత్రమే యగును. పొట్టి చిత్రముల మాట యటుంచుడు. మా మట్టుకు మాకు దినమునకు మూడే చాలును. నాలుగవదానిలో ఎవరెవరికేమగుదురో మరచిపోవుదుము.

ఆ యుత్సవమున మన దేశపు పక్షమున హిందీ ఆవారా, మరాఠీ అమర్ భూపాళీ, బెంగాలీ బాబ్లాలతోపాటు మన తెలుగు పాతాళభైరవియు నుండెను. కె. వి. రెడ్డిగారు తీసిన యా చిత్రము 1951లోనే మన యూళ్లలో నాడెను. బెజవాడనుండి అంతదూరము రైలులో బోయిన తెలుగువాడు బొంబాయిలో పాతాళభైరవి చూచుచు కూర్చుండినయెడల ఏమనవలెను? పెండ్లి విందుకు బోయి ఇంటి చద్దిమూట విప్పినట్లుండును. బొంబాయిలోని మరాఠీ బాలునికో, అదే చిత్రము తగిన యెంపిక. కావున పట్టికలో మొదట కొట్టివేయవలసినవి చెడ్డ చిత్రములు కావు. తరువాత తామే మన యూరికి రాగలవి. నేడు టెలివిజనులోను ఫోనులోను అనేక చిత్రములు దొరకుచున్నవి గనుక ఈ పని మరింత సుళువు.

తక్కినవానిలో నెట్లేరవలెను? ఉత్సవమువారు ఒక్కొక్క చిత్రమునకు రెండు మూడు పంక్తుల కథాసారము అచ్చువేయుదురు. పిల్లలు దానినే నమ్ముదురు. ఇచ్చటనే పెద్ద పొరపాటు జరుగును. 1952లో బొంబాయికి వచ్చినవానిలో విట్టోరియో డి సికా 1948లో తీసిన ఇటలీ చిత్రము బైసికిల్ థీవ్స్ యుండెను. దాని కథ యేమి? రోము నగరమున నొక బీదవానికి గోడలమీద కాగితములంటించు పని దొరకును. పనికి సైకిలు కావలెను. భార్య పడకదుప్పట్లను కుదువబెట్టి సైకిలును విడిపించును. దానిని దొంగ యెత్తుకొనిపోవును. తండ్రియు చిన్న కొడుకును వెదకుచు తిరుగుదురు. ఇంతే! నాయకుని పాత్ర ధరించినవాడు నటుడు కాడు, కర్మాగారపు కూలివాడు. ఈ సారమును చదివినవాడు పక్క శాలలోని యుద్ధచిత్రమునకు బోవును. కాని దీనిని చూచిన బిమల్ రాయ్ అను దర్శకుడు దాని ప్రేరణమున 1953లో దో బీఘా జమీన్ తీసెను.

ఇరాను దేశపు అబ్బాస్ కియరోస్తమి 1987లో తీసిన వేర్ ఈజ్ ది ఫ్రెండ్స్ హౌస్ కథ ఇంకను చిన్నది. ఒక బాలుడు తన తోడివాని నోటుపుస్తకమును పొరపాటున ఇంటికి దెచ్చుకొని, దానిని తిరిగి యిచ్చుటకై పొరుగూరిలో వాని యిల్లు వెదకును. నోటుపుస్తకము లేనిచో రేపు తోడివానిని బడినుండి వెళ్లగొట్టుదురు. మా తరగతిలో దీనిని మించిన భయము పుట్టించిన చిత్రము లేదు! కావున కథాసారమును చదువుడు గాని, పెద్ద సంగతులు చెప్పుదానికంటె ఎవరికేమి పోవునో స్పష్టముగ చెప్పుదానిని గురుతు పెట్టుకొనుడు.

వేళను బట్టియు మోసపోవుదుము. 1956లో ఫ్రాన్సు దేశపు కాన్ పట్టణమున సత్యజిత్ రాయ్ గారి పథేర్ పాంచాలిని రాత్రి ప్రొద్దుపోయినవేళ ప్రదర్శించిరి. అనేక విమర్శకులు రాలేదు. చూచిన కొందరు పట్టుబట్టుటచే మరల ప్రదర్శించిరి. దానికి మానవజీవితపు ఉత్తమ పత్రమని ప్రత్యేక బహుమానము లభించెను. ఆ కొలదిమంది కూడ విందుకు బోయియుండిన నేమగునో!

ఇక మా తప్పు. 2017 నవంబరులో అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవము హైదరాబాదున జరిగినప్పుడు మేము 14 మంది పిల్లలను ఒక దినము గొనిపోయితిమి. పొద్దుట బహుమతి పొందినదని యొక చిత్రమును చూపితిమి. మాటలు పరభాష, తెర యడుగున ఇంగ్లీషు అక్షరములు వడివడిగ బోవుచుండెను. చిన్నతరగతివారు వానిని చదువలేక నిద్రబోయిరి. ఆ తప్పు వారిది కాదు. మధ్యాహ్నము ఎనిమిదవ తరగతి బాలిక యొకతె పట్టిక చూపి, “అయ్యగారూ, ఈ మేకలు గాచు పిల్లల చిత్రమునకు పోదమండీ” యని యడిగెను. దానికి బహుమతి యేదియు వ్రాసియుండలేదు. వలదని, అందరిని పేరుబడిన బొమ్మల చిత్రమునకు గొనిపోయితిమి. నెల తిరుగకమున్నే అది టెలివిజనులో వచ్చెను. మేకల చిత్రము మరల మాకెచ్చటను కానరాలేదు.

సత్యమును పరీక్షించుటను గూర్చి ఆదివారపు బడిలో పాఠము చెప్పు మేము, పరీక్షింపకయే బహుమతి ముద్రను నమ్మితిమి. ఆ మీద మేమెచ్చటికి పిల్లలను గొనిపోయినను దినమునకొక్క చిత్రమును వారే యెన్నుకొందురు. తరగతిలో పట్టిక చదివి, చేతులెత్తి నిర్ణయింతురు. ఒకమారు వారు చాల చెడ్డదాని నెన్నుకొనిరి; మేమును కూర్చుండి చివరిదాక చూచితిమి. చిన్నవారి ప్రక్క ఇంగ్లీషు చదువగలవారిని గూర్చుండబెట్టి చెవిలో మెల్లగ చెప్పించుచున్నాము.

ఉత్సవమునుండి వచ్చినపిమ్మట చూచిన చిత్రమును గూర్చి వ్యాసము వ్రాయుడని యందరికి చెప్పితిమి. ఆ బాలిక మాత్రము “నేను చూడని చిత్రము” అని శీర్షిక పెట్టి, పట్టికలోని రెండు పంక్తులనుబట్టి మేకలకు పేర్లు సహా రెండు పుటల కథ కల్పించి వ్రాసెను. అక్షరదోషములకు రెండు మార్కులు తగ్గించి పదింటికి ఎనిమిది వేసితిమి. ఆ కాగితము నేటికిని మా బల్ల సొరుగులో నున్నది.