జీవనోపాధి – జీవితాశయం

గత సంవత్సరం పరీక్షా ఫలితాలు వెలువడిన కొద్ది దినాలకు బి.యస్సీ. ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు మా వద్దకు వచ్చాడు. అతని తండ్రి కుట్టుపనితో నలుగురు బిడ్డలను పోషిస్తున్న మనిషి. కుమారునికి పాస్‌పోర్టు సిద్ధమైనది. గల్ఫ్‌లో ఉన్న మేనమామ వీసా పంపుతానని కబురు చేశాడు. "సార్, మీరు క్లాసులో ఆశయం, ఆశయం అంటారు. మా అబ్బా రోజీ సంగతి అడుగుతున్నారు. మక్సద్ కడుపు నింపుతుందా సార్?" అని ఆ విద్యార్థి ప్రశ్నించాడు. ఆ పూట మేము చెప్పిన సమాధానం మాకే తృప్తినివ్వలేదు. దానిని సరిదిద్దుకొనే ప్రయత్నమే ఈ వ్యాసం.

వృత్తిని గూర్చి ఆలోచించేటప్పుడు మన విద్యార్థులు సాధారణంగా ఒక పేరును కోరుకుంటారు. డాక్టరు, ఇంజనీరు, ఆఫీసరు అన్న పేర్లు మన వీధులలో గౌరవాన్ని తెచ్చిపెట్టేవే, కాదనలేము. ఐతే ఆ పేరు దక్కనినాడు జీవితమే చేజారిపోయినట్లు కుంగిపోయే యువకులను ప్రతి సంవత్సరం చూస్తున్నాము. పేరుతో మొదలుపెట్టక, తనను విడువక వెంటాడే ఒక ప్రశ్నతో మొదలుపెట్టిన మనిషి మార్గం ఎట్లా ఉంటుందో చూడదలచి, మన భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రను మరల చదివాము.

ఆయన పుట్టుకతోనే మేధావి అని చెప్పేవారున్నారు. ఆ మాటకు ఆయన విద్యార్థి దశ సాక్ష్యం చెప్పదు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి మూడవసారి ఉత్తీర్ణులైనారు. బాల్యంలో ఇల్లు విడిచి కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలనుకున్నారని కూడ చెబుతారు. యౌవనంలో సన్యసించి రామకృష్ణ మఠంలో చేరాలన్న కోరిక కలిగింది. చివరకు మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్వాతంత్ర్యోద్యమ ప్రభావంతో శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో హాజరైనందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురియైనారు. తత్ఫలితంగా పూర్తి పట్టానికి బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ స్థాయి పట్టంతో బయటపడ్డారు. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం లభించలేదు. ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధిస్తూ కాలం గడిపారు.

ఆయన సోదరులను స్ప్రూ అనే వ్యాధి బలిగొన్నది. ఆహారంలోని సారం ఒంటబట్టక, రక్తం క్షీణించి, మనిషి ఎండిపోయే గ్రహణి జాతి వ్యాధి అది. ఆయనను కూడ అది పీడించింది. ఈ రోగం ఎందువల్ల వస్తున్నది, దీనికి మందేమిటి అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. ఉన్నత పరిశోధనా పీఠంలో కాదు, ఇంట్లో, రోగి మంచం ప్రక్కన పుట్టింది. మన విద్యార్థులు ఈ సంగతి గమనించాలని మా కోరిక.

మామగారి సహాయంతో, కాకినాడలోని ఒక ధర్మసంస్థ ఆదరణతో 1920వ దశకపు ఆరంభంలో ఆయన అమెరికాలోని బోస్టను నగరం చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం చదివారు. వేతనం లేదు; కూలి పని చేయక తప్పలేదు. ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచి పొట్టపోసుకున్నారు. 1925లో ఆచార్య ఫిస్కేతో కలిసి రక్తంలోను మూత్రంలోను భాస్వరం పాళ్ళను కొలిచే పద్ధతిని ప్రకటించారు. నేటికిని జీవరసాయన విద్యార్థులు దానిని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి పేరుననే నేర్చుకుంటారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో వారిరువురు వెలుగులోనికి తెచ్చారు. ఇంతటి కృషి జరిగిన పిమ్మట కూడ విశ్వవిద్యాలయం ఆయనకు శాశ్వతమైన ఆచార్య పదవి ఇవ్వలేదు.

పేరునే ఆశయంగా పెట్టుకొన్న మనిషికి ఇది కథాంతం. ఆయన 1940లో ఆచార్య పదవిపై ఆశ వదలుకొని, లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనాలయంలో చేరారు. పండితులకు ఆనాడు కంపెనీ ఉద్యోగం అంత గౌరవప్రదం కాదు. ఐతే పాత ప్రశ్నకు కావలసిన పరికరాలు, మనుషులు, ధనం అక్కడ ఉన్నాయి.

గర్భవతులలో కనిపించే ఒక విధమైన రక్తహీనతను ఈస్ట్ సారం నయం చేస్తున్నదని లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు మన బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలను పరీక్షించి 1931లోనే ప్రకటించి ఉన్నది. ఆ సారంలోని గుణం దేనిదో తేలవలసి ఉండినది. సుబ్బారావుగారి నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తక్షీణతకు అది మందైనది. సోదరుల మరణానికి, ఈ మందుకు నడుమ పాతికేళ్ళ దూరం ఉన్నది. ఈనాడు మన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భవతులకు ఇచ్చే ఐరన్ మాత్రలలో ఇనుముతోపాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే. మన ఇండ్లలో తల్లులు, అక్కలు దాని తయారీ వెనుక ఒక భీమవరం మనిషి ఉన్నాడని ఎరుగకుండానే మింగుతున్నారు. బోదకాలు వ్యాధికి వాడే డి.ఇ.సి. మందు కూడ ఆయన బృందం కృషి ఫలితమే. 1948లో ఆయన అక్కడే మరణించారు.

ఇంతవరకు చెప్పి ఊరకుంటే మేము సగమే చెప్పినవారమవుతాము. ఆయన భార్య శేషగిరి ఇక్కడనే ఉండిపోయినది. పసిబిడ్డ మరణించాడు. భర్త తిరిగి రాలేదు. ఆశయం కొరకు చెల్లించిన మూల్యంలో కొంత ఆయనది, కొంత ఆమెది. ఆమె సమ్మతిని ఎవరు అడిగారు? గొప్పవారి చరిత్రలు వ్రాసేవారు ఈ పుటను త్వరగా తిప్పివేస్తారు. కుటుంబాన్ని విస్మరించడమే ఆశయనిష్ఠ అని మా విద్యార్థులు అనుకోరాదు. ప్రణాళిక వేసుకొనేటప్పుడు తల్లిదండ్రుల అప్పు, చెల్లెలి పెండ్లి కూడ ఆ కాగితం మీదనే ఉండాలి.

మా విషయం కొంచెం మనవి చేస్తాము. ఇంట ఉర్దూ మాట్లాడే మేము తెలుగులో ఎం.ఏ. చదువుతామన్నప్పుడు బజారులో నవ్వినవారున్నారు. మాది సుబ్బారావుగారి వంటి గొప్ప ప్రశ్న కాదు. మా బంధువుల కోర్టు నోటీసులు, పొలం కాగితాలు చదివిపెట్టడానికి ఇతరుల గడప ఎందుకెక్కాలి అన్న చిన్న ప్రశ్న. మా అమ్మ అటువంటి కాగితం ఒకటి పట్టుకొని మధ్యాహ్నమంతా ఒక గుమాస్తా ఇంటి అరుగు మీద కూర్చున్నది. ఉపన్యాసక పదవి దొరకక మూడేళ్ళు ట్యూషన్లు చెప్పుకున్నాము. ఆ మూడేళ్ళలో కూడ ప్రశ్న మా వద్దనే ఉన్నది; ట్యూషను పిల్లలతో ఆ కాగితాలే చదివించేవారము.

కావున ఆ విద్యార్థిని మరల పిలిపించాము. ఏమి కావాలనుకుంటున్నావని ఈసారి అడుగలేదు. ఏది చూస్తే నీకు నిద్ర పట్టదు అని అడిగాము. చాలసేపు మౌనంగా ఉండి, తన నానీ సంగతి చెప్పాడు. చక్కెర వ్యాధి ఉన్న ఆమెకు చెప్పు కరచి పుండైనది. పాదంలో స్పర్శ లేనందున నొప్పి తెలియలేదు. ఆసుపత్రికి చేరేటప్పటికి కాలు తీసివేయక తప్పలేదు. వాళ్ళ బస్తీలో అటువంటివారు మరి ఇద్దరున్నారట. "ముందే రక్తం పరీక్ష చేయించి ఉంటే, సార్..." అని ఆగిపోయాడు.

ఆ ప్రశ్నకు దగ్గరగా ఉండి కూడ అన్నం పెట్టే పనులేవో ఇద్దరము కూర్చుని వ్రాశాము. వైద్య విద్యకు ఇంట స్తోమత లేదు. ప్రయోగశాల టెక్నీషియన్ శిక్షణ ఉన్నది. అతడు చదివే రసాయన, జంతుశాస్త్రాలు అందులో అక్కరకు వస్తాయి. రెండేళ్ళలో జీతం వచ్చే పని. గల్ఫ్‌కే పోవలసివస్తే అక్కడి ఆసుపత్రులలో కూడ ఆ పనికి మనుషులు కావాలి. రిక్తహస్తాలతో పోవడానికి, ఒక విద్యతో పోవడానికి భేదమున్నది. ఇంటి ఖర్చు ఎంత, మేనమామకు ఏమి చెప్పాలి అన్నవి కూడ ఆ కాగితం మీదనే వ్రాశాము. ప్రక్కనే, ఆదివారాలు బస్తీలో వృద్ధుల పాదాలు చూసి, పుండున్నవారిని ఆసుపత్రికి పంపాలని తానే చేర్చుకున్నాడు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన నోటీసు బోర్డు మీద ఉద్యోగ ప్రకటనలు ఉంటున్నాయి, సంతోషం. నెలకొక సాయంత్రం మన పూర్వ విద్యార్థులలో ఒకరిని, నర్సు, మెకానిక్, గుమాస్తా ఎవరైనను సరే, పిలిపించి వారి పని ఎట్లా దొరికింది, అందులో ఏమి నచ్చింది, ఏమి నచ్చలేదు అని చెప్పించగలిగితే బాగుంటుంది. చాయ్ ఖర్చు అధ్యాపకులము భరిస్తాము.

వారం గడిచిన తరువాత ఆ విద్యార్థి తండ్రి మెడలో కొలత టేపుతోనే స్టాఫ్ రూము గుమ్మం వద్దకు వచ్చి నిలబడ్డాడు. "లెక్చరర్ సాబ్, ఆ కోర్సుకు ఫీజు ఎంత? దరఖాస్తుకు ఆఖరు తారీఖు ఎప్పుడు?" అని అడిగాడు. కుర్చీ చూపించి, రెండూ ఒక చీటీ మీద వ్రాసి ఇచ్చాము.