తెనాలిలో నింపుకో, సూర్యలంకలో వాడుకో

రేపల్లె



నువ్వు పంపిన ఫొటోలు మీ అత్తయ్య ఫోనులో పెద్దవి చేసుకుని చూశాను. అద్దెకు తిప్పడానికి నువ్వు చేయించిన ట్రైలరు ఇల్లు బాగా కుదిరింది. పడకలు, పొయ్యి, కిటికీ పరదాలు అన్నీ చూపించావు గానీ, నీళ్ళ ట్యాంకు మాత్రం ఒక మూలన సగమే కనిపించింది. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళూ అంతే, హాలంతా చూపిస్తారు గానీ బావి దగ్గరికి తీసుకెళ్ళరు. కార్తీక పౌర్ణమికి బాపట్ల పక్కన సూర్యలంక తీరానికి బేరం ఒప్పుకున్నానన్నావు కాబట్టి ఇది రాస్తున్నాను. ఫోనులో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు.

"తెనాలి నుంచి నీళ్ళు మోసుకెళ్ళడం ఎందుకు, బాపట్లలో దొరకవా?" అని అడిగావు. దొరుకుతాయి. ఎలాంటివి దొరుకుతాయన్నదే పేచీ.

నువ్వు అప్పుడు బాగా చిన్నవాడివి, నీకు గుర్తుండదు. వనభోజనాలకని రెండిళ్ళ వాళ్ళం లారీ మాట్లాడుకుని సముద్రానికి వెళ్ళాం. నీళ్ళ స్కీముల్లో ఫిట్టరు పని చేసేవాణ్ణి కదా, తెలివి ఎక్కువై డ్రమ్ములు ఖాళీగా ఎక్కించాను. తీరం దగ్గర ఒక తోటలో బోరు మోటారు వేయించుకుని నింపాం. పుక్కిలించి చూస్తే బానే ఉన్నాయి. రెండో డ్రమ్ము నిండేసరికి రుచి మారిందని ఎవరూ చూసుకోలేదు. మీ అమ్మమ్మ ఆ నీళ్ళతో ఎసరు పెట్టి కందిపప్పు వేసింది. గంట మరిగింది, రెండు గంటలు మరిగింది, పప్పు గింజ వేళ్ళ మధ్య నలిపితే రాయిలా జారిపోతోంది. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే పప్పు మెత్తబడదు. ఆ పూట అందరం ఆవకాయతో తిన్నాం. మీ అమ్మమ్మ ఆ తరవాత ఎక్కడికి బయల్దేరినా ముందు నన్ను పిలిచి "నీళ్ళు నింపావురా?" అనేది.

బాపట్ల ఇసక నేలల మర్మం నాకు ఆ తరవాతే తెలిసింది. అక్కడ వాన నీళ్ళు ఇసకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీళ్ళ మీద మీగడలాగా తేలుతూ ఉంటాయి. మంచినీళ్ళు తేలిక, ఉప్పునీళ్ళు బరువు. అందుకే పాతకాలం రైతులు లోతు తవ్వేవాళ్ళు కాదు. దొరువు అనే లోతులేని గుంట తవ్వుకుని కడవతో పైపైన ముంచి మళ్ళకు పోసుకునేవాళ్ళు. బాపట్ల వ్యవసాయ పరిశోధకులు దాన్నే బాగుచేసి, ఇసకలో చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి నీళ్ళు ఒక నూతిలోకి చేరే పద్ధతి తెచ్చారు. మోటారు పెట్టి ఒకేచోట గట్టిగా లాగితే కింది ఉప్పునీళ్ళు పైకి పొంగుకొస్తాయి. మన డ్రమ్ముల్లో జరిగింది అదే. కాబట్టి అక్కడ నింపుకోక తప్పకపోతే మొదటి గ్లాసు రుచిని నమ్మకు. సగం నిండాక ఇంకోసారి చూడు. చేతిమీద సబ్బు రుద్దితే నురగ రాకపోయినా అనుమానించు.

మన డెల్టా బతుకంతా ఇంతేరా. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణ నీళ్ళు కాలవల్లో ఇంతదూరం వచ్చాయి. తెనాలికి ఊళ్ళోంచే మూడు కాలవలు. మా రేపల్లె వైపు శివారు. వేసవిలో కాలవలు కట్టేస్తారు. కట్టేసే ముందే చెరువు నింపుకున్న ఊరు గట్టెక్కుతుంది, బద్ధకించిన ఊరు బిందెలు పట్టుకుని తిరుగుతుంది. 1977 నవంబరు ఉప్పెనప్పుడు తీరపు ఊళ్ళలో మంచినీళ్ళ చెరువుల్లోకే సముద్రం వచ్చింది. లారీ మీద నీళ్ళొస్తాయంటే రోడ్డు పక్కన బిందెలు వరస పెట్టుకుని నిలబడ్డ కుర్రాళ్ళలో నేనూ ఒకణ్ణి. నిజాంపట్నం మరబోటు వాళ్ళను అడుగు, రోజుల తరబడి నీళ్ళ మధ్యే ఉంటారు, అయినా తాగేనీళ్ళు ఒడ్డునే ఎక్కించుకుని బయల్దేరతారు.

ఇక నీ ట్యాంకు సంగతి. 200 లీటర్లన్నావు. లీటరు నీళ్ళు కిలో, అంటే రెండు క్వింటాళ్ళు. ఫొటోలో అది చక్రాలకు బాగా వెనక్కి ఉన్నట్టు కనిపించింది. అలా ఉంటే ట్రైలరు ముక్కు పైకి లేచి దాన్ని లాగే బొలెరో వెనక పాములా ఊగుతుంది. వెల్డరు దగ్గరికి మళ్ళీ వెళ్ళి యాక్సిలు మీదకి, ఇంకా మాట్లాడితే పిసరంత ముందుకి జరిపించు. సగం నీళ్ళతో దూరం లాగకు. నిండు బిందె తొణకదు, సగం ట్యాంకు మాత్రం మలుపు తిప్పిన ప్రతిసారీ నిన్ను అవతలికి తోస్తుంది. లోపల అడ్డుగోడలు ఉన్న ట్యాంకైతే మేలు.

గాలిగొట్టం ఉందో లేదో చూసుకో. అది లేకపోతే నింపేటప్పుడు నీళ్ళు ఎగదన్నుతాయి, పంపు లాగేటప్పుడు ట్యాంకు గోడలు లోపలికి పీక్కుపోతాయి. గొట్టం మూతికి సన్నని జాలీ కట్టు, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. నీళ్ళు పోసే మూతి దగ్గర పెద్ద అక్షరాలతో 'మంచినీళ్ళు' అని రాయించి తాళం వేయి. నవ్వకు. బంకు కుర్రాడు నిద్రమత్తులో డీజిలు గొట్టం ఎక్కడ పెడతాడో చెప్పలేం.

నీళ్ళు పట్టే పైపు ఆ పనికే వాడాలి. కారు కడిగిన పైపు, పెరట్లో మొక్కల పైపు వద్దు. కుళాయి విప్పగానే నింపకు, ఒకటి రెండు నిమిషాలు వదిలేయి, పైపులో నిలవున్నవి పోతాయి.

కొత్త ట్యాంకు గనక మొదట శుద్ధి చేయాలి. 100 లీటర్లకు 20 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు లెక్కన, నీకు 40 గ్రాములు. బకెట్టులో కలిపి సున్నపు మడ్డి అడుక్కి దిగాక పైనున్న తేటనీళ్ళే పోయాలి. మూట విప్పి నెలలు గడిచిన పౌడరు ఉత్త సున్నంతో సమానం, కొత్తది తెచ్చుకో. ట్యాంకు నిండా నీళ్ళు పట్టి, ప్రతి కుళాయి దగ్గరా వాసన తగిలేదాకా వదిలి, కట్టేసి రాత్రంతా ఉంచు. పొద్దున్నే మొత్తం వదిలేసి రెండుసార్లు కడుగు. బాత్రూము యాసిడ్ మాత్రం దాని దరిదాపులకు రానీకు, విషవాయువు పుడుతుంది.

మా చిన్నప్పుడు కాలవకు కొత్తనీళ్ళు ఎర్రగా వస్తే మా అమ్మ బిందె లోపల ఇండుపుగింజ అరగదీసేది. గంటలో అద్దంలా తేరుకునేవి. తేరుకున్న నీళ్ళు మంచినీళ్ళని మేం నమ్మేవాళ్ళం, విరేచనాలతో ఆ నమ్మకం తీరేది. తేటదనం వేరు, శుభ్రం వేరు. ట్యాంకరు నీళ్ళు పట్టినా ఇదే గుర్తుంచుకో. మందుల షాపులో క్లోరిన్ బిళ్ళలు దొరుకుతాయి, అట్ట మీద రాసిన లెక్క ప్రకారం వేసి అరగంట ఆగు. ఆర్‌ఓ ప్లాంటు టిన్నుల నీళ్ళు ట్యాంకులో పోయకు. వాటిలో క్లోరిన్ ఉండదు, ఎండకు తొందరగా జిగురు కడతాయి. తాగడానికి టిన్నులు విడిగా పెట్టుకో, ట్యాంకు నీళ్ళు వంటకూ కడగడానికీ స్నానానికీ సరి.

స్నానం అన్నాను కదా, నీ ట్యాంకు ఖాళీ అయ్యేది అక్కడే. సముద్రంలో మునిగొచ్చినవాడు ఒళ్ళంతా ఇసకతో నిన్నే చూస్తాడు. షవరు పెట్టావని సంబరంగా చెప్పావు. అది నిమిషానికి ఆరేడు లీటర్లు పోస్తుంది, ఆ కింద నిలబడ్డ మనిషి పాట అందుకుంటాడు. ఎనిమిది మంది అయ్యేలోపు పంపు గాలి పీలుస్తుంది. షవరు కట్టేసి బయట బకెట్టూ చెంబూ పెట్టు. తలా ఒక బకెట్టు, 15 లీటర్లు, అంతే. మొహమాటపడకు, బేరం కుదిరేటప్పుడే చెప్పేయి.

రాత్రి అందరూ పడుకున్నాక కాసేపు చెవి ఒగ్గి విను. కుళాయి ఎవరూ విప్పకుండానే పంపు టక్కుమని ఒక దెబ్బ కొట్టి ఆగిందంటే ఎక్కడో చుక్క కారుతోందన్నమాట. లెవెల్ చూపించే మీటరు పెట్టించావుగానీ దాన్ని పూర్తిగా నమ్మకు. వేలి కణుపుతో ట్యాంకును కింది నుంచి పైకి తట్టుకుంటూ రా. మోత ఎక్కడ మారితే నీళ్ళు అక్కడిదాకే.

తిరిగొచ్చాక అడుగు కుళాయి విప్పి, ట్యాంకు ఎండేదాకా విప్పే ఉంచు. వచ్చే బేరం దాకా పాత నీళ్ళు నిలవుంచావో, మూత తీసినప్పుడు నీకే తెలుస్తుంది.

పౌర్ణమికి ముందు ఆదివారం ట్రైలరు ఇక్కడికి తీసుకురా, ఒకసారి పైపులన్నీ చేత్తో తడిమి చూస్తాను. ఖాళీ ట్యాంకుతో మాత్రం రాకు. మా బోరు ఈమధ్య ఉప్పు తగులుతోంది, మీ అత్తయ్య పప్పుకి తెనాలి నీళ్ళు రెండు బిందెలు కావాలంటోంది.

ఇట్లు,
మీ మామయ్య