డయాగ్రమ్ లేని పాత పవర్ సప్లైని బాగుచేయడం ఎలా?

ఈ నెల పాఠం మందుల గురించి కాదు, వార్డులో మీరు చూసే యంత్రాల గురించి. సక్షన్ మిషన్, నెబ్యులైజర్ వంటివి పాడైతే మా రిపేరు గదికి వస్తాయి. ఆ గదిలో బల్లమీద పవర్ సప్లై అనే ఒక పెట్టె ఉంటుంది. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల కరెంటును మనకు కావలసినంత తక్కువ డీసీ వోల్టేజీగా మార్చి ఇవ్వడం దాని పని. అంబులెన్సులో వాడే 12 వోల్టుల సక్షన్ మిషన్‌ను పరీక్షించాలంటే బ్యాటరీకి బదులు దీన్నే తగిలిస్తాం.

ఒకసారి ఆ పెట్టే పాడైంది. నాబ్ ఎటు తిప్పినా మీటరు ముల్లు చివరకు పోయి తగులుతోంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే 32 వోల్టులు! చూసుకోకుండా సక్షన్ మిషన్ తగిలించి ఉంటే దాని మోటారు కాలిపోయేది. గొంతులో కఫం అడ్డుపడిన రోగికి ఆ మిషన్ ఎంత అవసరమో మీకు తెలుసు.

మా దగ్గర శిక్షణకు వచ్చిన ఐ.టి.ఐ. కుర్రవాడు "దీనికి సర్క్యూట్ డయాగ్రమ్ లేదు కదా సార్, ఎలా చేస్తాం?" అన్నాడు. పాత చీటీలు తేలేదని డాక్టరుగారు రోగిని వెనక్కి పంపరు కదా. అడుగుతారు, నాడి చూస్తారు, చేత్తో తాకి చూస్తారు. మేమూ అలాగే మొదలుపెట్టాం.

ముందుగా ప్రాణానికి సంబంధించిన మాట. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి పెద్ద కండెన్సర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది. కొందరు స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి షార్టు చేస్తారు. నిప్పురవ్వలు కంట్లో పడతాయి, అలా చేయకండి. 100 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌ను దాని రెండు కాళ్లకూ ఐదు సెకన్లు ఆనించి, తర్వాత మీటరుతో సున్నా వచ్చిందో లేదో చూడాలి. ఈ పాఠం బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత రకం పెట్టెలకే వర్తిస్తుంది. కంప్యూటరు, టీవీల్లో ఉండే ఎస్‌ఎంపీఎస్ వేరు. అందులో కండెన్సర్ మీద సుమారు 325 వోల్టులు ఉంటాయి. నేర్పేవారు పక్కన లేకుండా దాని మూత తీయవద్దు.

మూత తీశాక మొదట కళ్లకూ ముక్కుకూ పని చెప్పాలి. మాడిన వాసన, నల్లబడిన రెసిస్టర్, పైన ఉబ్బిన కండెన్సర్ ఏమైనా ఉన్నాయా? మాకు కనిపించింది దుమ్ము మాత్రమే. వేడిని బయటకు పంపే అల్యూమినియం రెక్కల మధ్య దూదిలా పేరుకుపోయింది. అది గుర్తుపెట్టుకున్నాం.

ఇక డయాగ్రమ్ సంగతి. పాత బోర్డులకు రాగి గీతలు ఒకవైపే ఉంటాయి. వెనుకనుంచి టార్చి వేస్తే ఆ గీతలు ఇవతలికి నీడలా కనిపిస్తాయి. వాటిని చూస్తూ తెల్ల కాగితం మీద పెన్సిలుతో గీసుకున్నాం. తర్వాత భాగాల మీది నంబర్లు చదివాం. పద్నాలుగు కాళ్ల ఐసీ మీద 723, రెక్కలకు బిగించిన లోహపు టోపీ లాంటి ట్రాన్సిస్టర్ మీద 2ఎన్3055 అని ఉన్నాయి. ఈ రెండూ కనిపిస్తే సగం పని అయినట్లే. పెట్టెకు డయాగ్రమ్ దొరకకపోయినా ఐసీకి దాని కంపెనీ ఇచ్చిన కాగితం దొరుకుతుంది. 723 ఐసీ 1967లో వచ్చింది. దాని కాగితంలోనే పవర్ సప్లై ఎలా కట్టాలో బొమ్మలు ఉంటాయి, చాలామంది తయారీదారులు వాటినే కొద్ది మార్పులతో వాడుకున్నారు. మేము గీసిన బొమ్మ కూడా దానితో దాదాపు సరిపోయింది.

ఇప్పుడు కరెంటు ఇవ్వాలి, కానీ నేరుగా కాదు. 60 వాట్ల పాత తరహా ఫిలమెంటు బల్బును ఫేజు వైరులో సీరీస్‌గా కలిపి ఇవ్వాలి. లోపల పెద్ద షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, పెట్టెకు ఏమీ కాదు. దీనికి ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. మా బల్బు ఒక్కసారి వెలిగి మసకబారింది. మంచిదే. ఒక చెయ్యి జేబులో పెట్టుకొని రెండో చేత్తో కొలిచాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 24 వోల్టుల ఏసీ ఉంది. డయోడ్లు దాటాక కండెన్సర్ మీద 32 వోల్టుల డీసీ ఉంది. 24ను 1.414తో గుణించి, రెండు డయోడ్లకు 1.4 తీసేస్తే అంతే రావాలి, కనుక అక్కడిదాకా ఆరోగ్యమే. ఐసీ ఆరో కాలు మీద 7 వోల్టుల పైచిలుకు ఉండాలి, ఉంది. అంటే ఐసీ బ్రతికే ఉంది. వచ్చిన 32 వోల్టులూ అడ్డులేకుండా బయటకు పోతున్నాయంటే కాపలాదారు లాంటి ట్రాన్సిస్టర్ మీదే అనుమానం.

ఆపి, కండెన్సర్ ఖాళీచేసి, 2ఎన్3055ను ఊడదీసి కొలిచాం. కలెక్టర్‌కూ ఎమిటర్‌కూ మధ్య ఎటుచూసినా సున్నా. పూర్తిగా షార్టు. కారణం ఆ దుమ్మే. 30 వోల్టులు లోపలికి వచ్చి 12 బయటకు వెళితే, మిగిలిన 18 వోల్టులూ దీని మీదే పడతాయి. 1.75 ఆంపియర్ల దగ్గర అది 31 వాట్లకు పైమాట. అంటే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కంటే ఎక్కువ వేడి!

కొత్తది బిగించేటప్పుడు కింద ఉన్న మైకా రేకును పారేయకూడదు. ఈ ట్రాన్సిస్టర్ ఒళ్లంతా కలెక్టరే కనుక, రేకు లేకపోతే 32 వోల్టులూ రెక్కలకు తగులుతాయి.

నాబ్ 12 దగ్గర పెడితే 12 వచ్చింది. కుర్రవాడు సంతోషంతో మూత బిగించబోయాడు. ఆగమని నాబ్‌ను మెల్లగా చివరిదాకా తిప్పించాను. ఒకచోట ముల్లు ఎగిరి 25 దాటి మళ్లీ దిగింది. నాబ్ లోపలి కంట్రోల్ అరిగిపోయి అక్కడ పట్టు వదిలేస్తోంది. ఎప్పుడూ ఉండే జబ్బు కంటే ఇలా వచ్చిపోయే జబ్బే నాకు భయం. స్ప్రే కొడితే ఒక వారం నడుస్తుంది, తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. అందుకే కంట్రోల్ కూడా మార్చాం.

ప్లగ్గు చూస్తే ఎర్త్ పిన్ను ఎవరో కోసేశారు! టూపిన్ సాకెట్లో పట్టడానికట. మీ ఇంట్లో ఇస్త్రీపెట్టెకో, గ్రైండరుకో ఇలా చేసి ఉంటే ఈరోజే మార్పించండి. ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి. ఆపలేకపోతే పొడి కర్రతో వైరును తప్పించండి, మనిషిని ముట్టుకోవద్దు. 108కి ఫోను చేయండి. స్పృహలేక, ఊపిరి సరిగా తీసుకోకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి. పెద్దవారికి కనీసం 5 సెంటీమీటర్ల లోతు దిగాలి.

సీరీస్ బల్బు తీసేసి, కారు బ్రేక్ లైటులో వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బు తగిలించి అరగంట ఉంచాం. 12 వోల్టులు కదలలేదు. తర్వాతే సక్షన్ మిషన్ తగిలించాం. పెన్సిలు బొమ్మను కుర్రవాడు సిరాతో దిద్ది, తేదీ వేసి, మూత లోపలివైపు అంటించాడు.