చివరిసారి ఒంటరిగా చేసిందెవరు?

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్) సెషన్లు ఎప్పుడు గుర్తొస్తాయో అందరికీ తెలుసు: ఎవరో ఒకరు రాజీనామా ఇచ్చాక. నోటీస్ పీరియడ్ మూడు నెలలున్నా అసలు కేటీ చాలాసార్లు చివరి రెండు వారాల్లోనే. వెళ్లేవాళ్ల మనసు అప్పటికే కొత్త ఉద్యోగంలో ఉంటుంది, వినేవాళ్లకు ఏం అడగాలో తెలియదు. అందుకే ఎవరికి ఏం వచ్చో చూపించే పట్టికను అందరూ ఉన్నప్పుడే వేసుకోవాలి.

ఒక ఎక్సెల్ షీటు చాలు. అడ్డ వరుసల్లో పనులు, నిలువు గళ్లలో మనుషులు. పనులంటే మాడ్యూళ్ల పేర్లు రాసి వదిలేయకండి. సర్టిఫికెట్ రెన్యూ చేయడం, నెలాఖరు బ్యాచ్ జాబ్ మధ్యలో ఆగితే మళ్లీ నడపడం, బ్యాకప్ నుంచి డేటాబేస్ తిరిగి తేవడం, రిలీజ్ వెనక్కి తీసుకోవడం కూడా రాయండి. “ఇది ఎవరికి తెలుసు?” అని అడిగితే మొహమాటానికి నలుగురు చేతులెత్తుతారు. “చివరిసారి ఎవరి సాయం లేకుండా ఎవరు చేశారు, ఎప్పుడు?” అని అడిగి, ఆ తేదీని గడిలో వేయండి. ఒక్కరి తేదీయే ఉన్న వరుస ప్రమాదం. ఎవరి తేదీ కూడా లేని వరుస ఇంకా పెద్ద ప్రమాదం.

పనిని సరిచూసే రెండో మనిషి లేకపోతే ఏమవుతుందో 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ ట్రేడింగ్ సంస్థకు తెలిసొచ్చింది. కొత్త కోడ్ 8 సర్వర్లలో పెట్టాల్సి ఉండగా ఒకదాన్ని వదిలేశారు. 2003లోనే వాడకం మానేసిన పాత ప్రోగ్రామ్ అందులో అలాగే ఉంది. కొత్త కోడ్ కోసం మళ్లీ వాడుకున్న పాత ఫ్లాగ్ దాన్ని నిద్రలేపింది. కారణం అంతుపట్టక, సరిగ్గా ఉన్న 7 సర్వర్లలోంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో అవీ అదే దారి పట్టాయి. దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మరొకరు సరిచూడాలన్న రాతపూర్వక నియమం కూడా అక్కడ లేదు.

ఒక్కరి తేదీయే ఉన్న చోట డాక్యుమెంట్ రాయించి ఊరుకోవద్దు. రెండో మనిషి చేయాలి, తెలిసినవారు కీబోర్డు ముట్టకుండా పక్కన కూర్చోవాలి. ఎక్కడ ఆగిపోతారో అదే రన్‌బుక్‌లో (పని చేసే పద్ధతి రాసుకునే పత్రంలో) రాయాల్సిన విషయం.

మేనేజర్లకు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ షీటును అప్రైజల్‌లోకి తెస్తే తర్వాతిసారి అందులో నిజం ఉండదు. ఇక ఏదైనా వరుసలో తేదీ ఉన్న ఆ ఒక్కరూ మీరే అయితే, మీ స్థానం పదిలమని సంబరపడకండి. సంక్రాంతికి ఊరెళ్లినా ల్యాప్‌టాప్ వెంట వచ్చేది మీకే, కొత్త ప్రాజెక్టు అడిగితే కదలనివ్వనిదీ మిమ్మల్నే. ఆ వరుసలో రెండో మనిషి తేదీ కూడా ఉండాలని మీరే అడగండి.

ఆగిపోతే డబ్బు పోయే మూడు పనులతో మొదలుపెట్టండి. పండగ సెలవులు ఖరారు చేసే ముందు షీటు తెరిచి, ఆఫీసులో మిగిలేవాళ్లలో ప్రతి వరుసకూ ఒక్క తేదీ అయినా ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ పనిని ఈ వారమే టెస్ట్ సర్వర్ మీద వాళ్ల చేత ఒకసారి చేయించండి.