లేజర్‌తో బుల్లి పరమాణు గడియారం

జగదేవ్‌పూర్‌లో ఫోన్‌ తెరిచి గజ్వేల్ దారి వెతికితే, చోటు చెప్పేది ఉపగ్రహాల్లోని పరమాణు గడియారాలే. నానోసెకను తప్పితే దూరం లెక్క 30 సెంటీమీటర్లు తప్పుతుంది.

పాత రుబీడియం గడియారానికి దీపం, మైక్రోవేవ్ పెట్టె కావాలి. బుల్లి గడియారంలో ఒక్క లేజర్ చాలు: రెండు పౌనఃపున్యాల కాంతిని సీజియం లేదా రుబీడియం ఆవిరిలోకి పంపుతారు. వాటి తేడా పరమాణువు సహజ పౌనఃపున్యంతో కలవగానే ఆవిరి కాంతిని పీల్చడం తగ్గిస్తుంది, అవతలి డిటెక్టర్‌లో వెలుగు పెరుగుతుంది. ఇదే కొహరెంట్ పాపులేషన్ ట్రాపింగ్. 2004లో అమెరికా సంస్థ ఎన్‌ఐఎస్‌టీ బియ్యపుగింజంత గడియార భాగాన్ని చూపింది.

ఇక ఉపగ్రహాల గడియారాలకొస్తే, మన నావిగేషన్ ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏలో దిగుమతి గడియారాలు మూడూ పాడయ్యాయి. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఉపగ్రహం ఎన్‌వీఎస్-01లో తొలిసారి స్వదేశీ రుబీడియం గడియారం అమర్చారు.